మా ఇంట్లో ఆడవాళ్లు గురక పెట్టరు

మా అమ్మ పెళ్లిళ్లలో నిద్రపోయేది కాదు. బంధువుల ఇంట్లో పెళ్లంటే రెండు రోజుల ముందే వెళ్లేవాళ్లం. విడిదింట్లో వరసగా పరిచిన చాపల మీద పిన్నులు, అత్తయ్యలు, వదినలు ఒకరి మీద ఒకరు కాళ్లు వేసుకుని పడుకునేవారు. మా అమ్మ మాత్రం పెరట్లో వంటవాళ్ల దగ్గర పీట వేసుకుని వంకాయలు తరుగుతూ కూర్చునేది. వంకాయలు అయిపోతే తమలపాకులు తుడిచేది. ఆకులు అయిపోతే పసుపు, కుంకుమ పొట్లాలు కట్టేది. "ఆవిడ ఒక్కతి ఉంటే పదిమంది పెట్టు, కన్ను మూయదు మహాతల్లి" అని అందరూ మెచ్చుకుంటుంటే నేను పొంగిపోయేదాన్ని. అంత పనిమంతురాలు మా గోదావరి జిల్లాలోనే లేదని నా నమ్మకం.

రైల్లోనూ అంతే. కింది బెర్తు దొరికినా కిటికీకి చేరబడి కూర్చునేది. ఎదుటివాళ్లు "పడుకోండమ్మా" అంటే "నాకు రైల్లో నిద్ర పట్టదండీ" అనేది. శుద్ధ అబద్ధం. మా అమ్మకి నిద్ర పట్టని చోటంటూ లేదు. చిక్కుడుకాయలు వలుస్తూ వలుస్తూ కునికిపాట్లు పడేది. పూజలో గంట కొడుతూ కొడుతూ ఆగిపోయేది. మేం నవ్వుకునేవాళ్లం. "పాపం, పని ఎక్కువ" అనేది మా నానమ్మ.

అసలు సంగతి నాకు పదో తరగతి సెలవుల్లో తెలిసింది. మధ్యాహ్నం భోజనం చేసి హాల్లో పడుకుని లేచేసరికి, అమ్మ నా తలవైపు కూర్చుని విసనకర్రతో విసురుతూ నన్నే అదోలా చూస్తోంది. "నీకూ వచ్చిందే తల్లీ" అంది. ఏమొచ్చిందమ్మా అన్నాను. ఇంట్లో మేమిద్దరమే ఉన్నా గొంతు తగ్గించి, "గురక" అంది. ఎవరికో క్షయ వచ్చిందని చెప్పినట్టు చెప్పింది.

మా నాన్న గురక పెడితే వీధిలో కుక్క లేచి, ఇంకో చోట వెతుక్కుని పడుకునేది. ఆ సంగతి ఇంటికొచ్చిన ప్రతివాళ్లకీ ముచ్చటగా చెప్పుకునేవాళ్లం. మగవాడు గురక పెడితే ఒళ్లు వంచి పని చేశాడని అర్థం. ఆడది పెడితే మాత్రం పెంపకం బాగాలేదని అర్థం. అదేం న్యాయమో నాకు ఇప్పటికీ బోధపడదు. అప్పుడు మాత్రం నేను అడగలేదు. సిగ్గుతో చచ్చిపోయి, అమ్మ ఏం చెబితే అది నేర్చుకున్నాను.

చాలానే నేర్పింది. వెల్లకిలా పడుకోకూడదు, పక్కకి తిరగాలి. తలకింద రెండు దిళ్లు ఉండాలి. నోరు తెరుచుకోకుండా గడ్డం కిందనుంచి నడినెత్తి మీదికి ఓణీ బిగించి కట్టుకోవాలి. పరాయి ఇంట్లో గోడకి చేరబడి కూర్చునే కునుకు తీయాలి. అందరూ పడుకున్నాక పడుకోవాలి, అందరికంటే ముందు లేవాలి. "ఈ మాత్రం జాగ్రత్తగా ఉంటే జన్మలో ఎవరికీ తెలియదు" అంది. అప్పుడు గానీ నాకు పెళ్లివారింటి వంకాయల సంగతి అర్థం కాలేదు.

పెళ్లయి ఢిల్లీ వచ్చాను. జనక్‌పురిలో రెండో అంతస్తులో రెండు గదుల ఇల్లు. మా ఆయనకీ నాకూ గురుగ్రామ్‌లోనే ఉద్యోగాలు. కాపురానికి వచ్చిన నెలలోనే ఒక ఆదివారం పొద్దున్న టీ తాగుతూ "రాత్రి నువ్వు కాస్త..." అని నవ్వారాయన. అంతే. నాకు కోపం ముక్కుమీదే ఉంటుంది. మూడు రోజులు మాట్లాడలేదు. నాలుగో రోజు ఆయనే, "నేనే పొరబడ్డాలే, కింద వాళ్ల నీళ్ల మోటారు అయ్యుంటుంది" అన్నారు. ఆ తర్వాత పద్దెనిమిదేళ్లు ఆ మోటారు గురించి మళ్లీ నోరెత్తలేదు. అంత మంచి మనిషి. ఈ విషయంలో అంత మంచితనం కూడదని ఇద్దరికీ చాలా ఆలస్యంగా తెలిసింది.

పురిటికి నేను పుట్టింటికి వెళ్లాల్సింది. డాక్టరు ప్రయాణం వద్దనడంతో అమ్మే ఢిల్లీ వచ్చింది. ముందుగదిలో కూలర్ పక్కన మంచం వేసుకుంది. మాది పెద్ద రేకు కూలర్, ఆన్ చేస్తే గిన్నెలు కూడా వణికేవి. ఆగస్టులో సరే, ఢిల్లీ ఉక్కకి కూలర్ ఉండాల్సిందే. దసరా వెళ్లింది, దీపావళి వెళ్లింది, అమ్మ కూలర్ ఆపనివ్వదు. నీళ్లు పోయకుండా ఉత్త ఫ్యాను తిప్పుకునేది. నెత్తికి మంకీ క్యాపు, ఒంటికి రెండు శాలువలు, ఎదురుగా కూలర్! కింది అంతస్తు పంజాబీ ఆంటీ మెట్ల మీద నన్ను ఆపి, "బేటా, మమ్మీజీ కో ఠండ్ నహీ లగ్తీ?" అని అడిగింది. చలేయదా అని. అమ్మని అడిగితే, "అలవాటైపోయిందే, ఆ చప్పుడు లేకపోతే నిద్ర పట్టట్లేదు" అంది. నేను నమ్మాను.

ఆ నాలుగు నెలలూ తలుచుకుంటే ఇప్పటికీ కడుపు నిండినట్టు ఉంటుంది. బాల్కనీలో ఎండలో పీట వేసుకుని, కాళ్లు చాచి, పసిపిల్లని కాళ్ల మీద బోర్లా వేసుకుని నూనె రాసేది. పక్క బాల్కనీలో ఉన్న ఆవిడతో అమ్మ తెలుగులో మాట్లాడేది, ఆవిడ హిందీలో జవాబిచ్చేది, ఇద్దరూ గంటలు గంటలు మాట్లాడుకునేవారు. కూరగాయల బండివాడిని "ఏవయ్యా, ఇదేం బీరకాయ" అని నిలదీస్తే అతను "అచ్ఛా మాతాజీ" అని ఇంకో రెండు వేసేవాడు. నాకు వేయించిన కారప్పొడి, నెయ్యి, వేడన్నం. ఆ తర్వాత అంత నెమ్మదిగా నేను ఏ అన్నమూ తినలేదు.

అమ్మని రైలెక్కించి వచ్చిన రోజు కూలర్ ఆపేశాను. ఇల్లంతా ఒక్కసారి నిశ్శబ్దమైపోయింది. అప్పుడు తట్టింది నాకు. అల్లుడున్న ఇల్లు. గోడ అవతల అల్లుడు పడుకుంటాడు. మా అమ్మ నాలుగు నెలలు, చలికి వణుకుతూ, ఆ చప్పుడు చాటున దాక్కుంది. మంచం మీద కూర్చుని ఏడ్చాను. ఏడ్చి ఏం చేశాను? మర్నాటినుంచి పడగ్గదిలో నా వైపు ఒక టేబుల్ ఫ్యాను పెట్టుకున్నాను.

అమ్మ పోయి ఆరేళ్లయింది. మొదట బీపీ, తర్వాత గుండె. పగటి కునికిపాట్ల గురించి ఏ డాక్టరుకీ చెప్పలేదు. చెబితే రాత్రి సంగతి కూడా చెప్పాల్సి వస్తుందిగా.

నిరుడు చలికాలంలో చేగోడీ కొరికితే నా దవడపన్ను ముక్క ఊడి చేతిలోకి వచ్చింది. ఊరినుంచి వచ్చిన చేగోడీలు మరి, గట్టివే, తప్పు వాటిదే అనుకున్నాను. జనక్‌పురి మార్కెట్లో మందుల షాపు పైన ఒక పళ్ల డాక్టరమ్మ ఉంది. ఢిల్లీ అమ్మాయే, ముప్ఫై దాటి ఉండదు. పదో తరగతి చదివే నా కూతురు కూడా ట్యూషన్ మానేసే వంక దొరికిందని వెంట వచ్చింది. డాక్టరమ్మ నన్ను చూడగానే "ఆయియే ఆంటీజీ" అంది. అక్కడే సగం మనసు విరిగిపోయింది.

దీపం నోట్లోకి తిప్పి, పంటికోసం చూడాల్సిన మనిషి నోరంతా చూడటం మొదలుపెట్టింది. పళ్లన్నీ పైన నున్నగా అరిగిపోయాయట. నిద్రలో నూరుతున్నానట. నాలుక అంచున పళ్ల అచ్చులు పడ్డాయట. అంగిలి ఇరుకట, కింది దవడ వెనక్కి ఉందట. వచ్చింది పన్ను బాగుచేయించుకోవడానికా, పెళ్లిచూపులకా అనిపించింది. అద్దం బయటికి తీసి, హిందీలో ఒకదాని తర్వాత ఒకటి అడిగింది. పొద్దున్న లేవగానే తలనొప్పిగా ఉంటుందా? ఉంటుంది. నోరు ఎండిపోతుందా? పోతుంది. పగలు నిద్ర ముంచుకొస్తుందా? వస్తుంది. గురక పెడతారా?

"నహీ" అన్నాను.

ఫోన్లో మునిగి ఉన్న నా కూతురు తలెత్తింది. "మమ్మీ! క్యా బోల్ రహీ హో?" అంది, ఏమిటి నువ్వనేది అన్నట్టు. తెలుగు అర్థమవుతుంది దానికి, జవాబు మాత్రం హిందీలోనే. కుర్చీలోంచే దాని తొడ గిల్లాను.

డాక్టరమ్మ చూసీ చూడనట్టు ఊరుకుని ఒక బొమ్మ తీసి చూపించింది. నిద్రలో కండరాలు వదులై నాలుక వెనక్కి జారుతుంది, గాలి దారి ఇరుకైపోతుంది, ఆ ఇరుకులోంచి గాలి పోయే చప్పుడే గురక. కొందరికి దారి పూర్తిగా మూసుకుపోయి ఊపిరే ఆగుతుంది. ఒంట్లో ప్రాణవాయువు తగ్గి ఉలిక్కిపడి మళ్లీ ఊపిరి తీస్తారు. రాత్రంతా అలా ఎన్నిసార్లు లేచినా మనిషికి తెలియదు, పొద్దున్నకి అలసట మాత్రం మిగులుతుంది. దాన్నే స్లీప్ ఆప్నియా అంటారట. "పళ్లు చూసి అనుమానించగలను గానీ, ఉందో లేదో తేల్చాల్సింది నిద్ర డాక్టరు. తేలాక, అవసరమైతే దవడని ముందుకి పట్టి ఉంచే తొడుగు నేను చేస్తాను. ముందు పరీక్ష చేయించుకోండి" అంది. నా పన్ను నింపి, చీటీ రాసిచ్చింది.

పరీక్ష ఇంట్లోనేనట. నిద్ర డాక్టరు దగ్గరనుంచి ఒక చిన్న యంత్రం ఇచ్చారు. ఛాతీకి ఒక బెల్టు, వేలికి ఒక క్లిప్పు, ముక్కు దగ్గర ఒక సన్నటి గొట్టం. రోజూ ఎలా పడుకుంటారో అలాగే పడుకోండి అని ఒకటికి రెండుసార్లు చెప్పారు.

నేనేం చేశానో చెబితే నవ్వుతారు. పనిమనిషి వస్తోందని ముందే గిన్నెలు తోమి పెట్టుకునే రకం ఆడదాన్ని నేను. ఇంట్లోకి ఒక యంత్రం వచ్చి నా నిద్రని రాసుకుంటానంటే ఊరుకుంటానా? రెండు దిళ్లు కాదు, నాలుగు పెట్టాను. మంచం తలవైపు చేరబడి, ఇంచుమించు కూర్చునే, పక్కకి తిరిగి, గడ్డం కిందనుంచి చున్నీ బిగించి ముడేసుకున్నాను. మా అమ్మ నేర్పిన విద్యంతా ప్రదర్శించాను. నిద్ర పట్టినప్పుడల్లా లేచి సర్దుకున్నాను. రిపోర్టులో పెద్దగా ఏమీ రాలేదు. "చూశావా!" అని కూతురికి చూపించాను. మా ఆయన అనుమానంగా చూసి, నా మొహం చూసి, కాగితం మడిచి సొరుగులో పెట్టేశారు. ఆ సాయంత్రం గులాబ్‌జామూన్లు కూడా చేశాను.

అప్పటికి రోజూ పొద్దున్న కారు నేనే నడిపేదాన్ని. మా ఆయన ఆఫీసు క్యాబులో ముందే వెళ్లిపోయేవారు. ద్వారకాలో కూతుర్ని స్కూలు దగ్గర దింపి, అక్కడినుంచి గురుగ్రామ్ వెళ్లేదాన్ని. పరీక్ష అయిన నెలకి, ద్వారకా వెళ్లే దారిలో ఒక ఎర్రలైటు దగ్గర ఆగాను. అంతవరకే గుర్తుంది. తర్వాత గుర్తున్నది "మమ్మీ!" అన్న కేక. బ్రేకు మీది కాలు వదులై, కారు కదిలి ముందున్న ఆటోని గుద్దుకుంది. వెనక సీట్లోంచి సగం ముందుకి దూకి హ్యాండ్ బ్రేక్ లాగింది నా కూతురు. ఆటోలో ఎవరూ లేరు కాబట్టి సరిపోయింది. ఆటో అతను దిగి, "ఆంఖే బంద్ కర్కే చలాతీ హో క్యా?" అని అరిచాడు. కళ్లు మూసుకుని నడుపుతున్నావా అని. నిజంగా కళ్లు మూసుకునే నడిపాను. ఆ మాట అతనికి తెలియదు, నా కూతురికి తెలుసు.

స్కూలు గేటు దగ్గర దాని చెయ్యి పట్టుకుని, "నాన్నకి చెప్పకే బంగారం" అన్నాను. అది నా మొహంలోకి చూసింది. "ఠీక్ హై" అంది. చెప్పలేదు. ఆ రోజూ చెప్పలేదు, ఆ తర్వాతా చెప్పలేదు. నోట్లో నువ్వుగింజ నానని పిల్ల ఈ ఒక్క సంగతి దాచింది.

మర్నాటినుంచి ముందు సీట్లో కూర్చోవడం మొదలుపెట్టింది. చెవిలో ఇయర్‌ఫోన్లు లేవు. కారెక్కింది మొదలు దిగేదాకా ఒకటే కబుర్లు. సైన్సు మేడమ్ విగ్గు పెట్టుకుంటుందట, క్యాంటీన్ భయ్యా పెళ్లి ఆగిపోయిందట, దాని స్నేహితురాలు ఇంట్లో తెలియకుండా జుట్టు కత్తిరించుకుందట. "ఫిర్ పతా హై క్యా హువా, మమ్మీ?" అని నా భుజం తట్టేది. తర్వాతేమైందో నేను అడిగేదాకా ఊరుకునేది కాదు. ఆఫీసులో మా తెలుగువాళ్లు "పిల్లలు మాతో మాట్లాడనే మాట్లాడరు" అని వాపోతుంటే నేను గర్వంగా కాఫీ తాగేదాన్ని. ఆ దెబ్బతో పిల్లకి నేనంటే ప్రేమ పుట్టుకొచ్చిందని అనుకున్నాను.

ఇంతలో నింపిన పన్ను మళ్లీ విరిగింది. తేలు కుట్టిన దొంగలా, కూతుర్ని వెంటబెట్టుకుని మళ్లీ ఆ మెట్లెక్కాను. డాక్టరమ్మ నా రిపోర్టు అటూ ఇటూ తిప్పి, "ఈ కాగితం ఒకటి చెబుతోంది, మీ పళ్లు ఇంకొకటి చెబుతున్నాయి, ఆంటీజీ. ఆ రోజు ఎలా పడుకున్నారు?" అంది. నాకేం తెలుసు, గొప్పగా చూపించాను. కుర్చీలో పక్కకి తిరిగి, గడ్డానికి చున్నీ కట్టి మరీ చూపించాను. మాస్కు కిందికి లాగి పడీ పడీ నవ్వింది. నవ్వి నవ్వి, కళ్లు తుడుచుకుని, ఉన్నట్టుండి కోపం తెచ్చుకుంది.

"మీరు పరీక్షలో కాపీ కొట్టారు. దీనితో ఎవరు మోసపోయారు? మీరు కారు నడుపుతారా?"

"ఆఁ."

"నడిపేటప్పుడు ఎప్పుడైనా నిద్ర పట్టిందా?"

లేదు అనబోయాను. నోటి దాకా వచ్చింది. పక్కన కుర్చీలో నా కూతురు కూర్చుని ఉంది. నన్ను కాదనలేదు ఈసారి. "మమ్మీ!" అనలేదు. పెదవులు బిగించుకుని నేల చూస్తోంది. పదహారేళ్ల పిల్ల, నాకిచ్చిన మాట కోసం, తన ప్రాణం పోబోయిన సంగతి కూడా కిక్కురుమనకుండా దాచుకుని కూర్చుంది. మా అమ్మ నాకు నేర్పింది. నేను దీనికి నేర్పేశాను. ఇంకా గురకైనా రాలేదు దీనికి, అప్పుడే దాచడం వచ్చేసింది.

"పట్టింది. ఆటోని గుద్దాను. ఇది కారులోనే ఉంది" అన్నాను. చెబుతూ చెబుతూ ఏడ్చేశాను. "గురక కూడా పెడతాను. పదో తరగతినుంచి పెడుతున్నాను."

నా కూతురు ఒక పెద్ద ఊపిరి వదిలింది. అన్ని రోజులు ఆ ఊపిరి ఎక్కడ పెట్టుకుందో.

ఇంటికెళ్లి మా ఆయనకి నేనే చెప్పాను. పెళ్లయిన ఇన్నేళ్లలో ఆయన గొంతు పెంచడం నేను వినలేదు. ఆ రోజు విన్నాను. "నువ్వు అలుగుతావని పద్దెనిమిదేళ్లు నోరు మూసుకున్నాను. రాత్రుళ్లు నీకు ఊపిరి ఆగితే, మళ్లీ ఎప్పుడొస్తుందా అని లెక్కపెట్టుకుంటూ పడుకున్నాను. తప్పు నాదే, మొదటి రోజే లాక్కెళ్లాల్సింది" అన్నారు. కారు తాళం తీసి జేబులో వేసుకున్నారు. ఆయన లెక్కపెట్టుకున్నారన్న మాటే చెవుల్లో ఉండిపోయింది. నీళ్ల మోటారన్న మనిషి!

రెండోసారి పరీక్షకి ఒక్క దిండు, చున్నీ లేదు, వెల్లకిలా. పక్కన మా ఆయన కాపలా. ఈసారి రిపోర్టు దాపరికం లేకుండా చెప్పేసింది. నాది మరీ తీవ్రమైనది కాదట, అలాగని వదిలేసేదీ కాదట. తీవ్రంగా ఉన్నవాళ్లకి ముక్కు మీద మాస్కుతో గాలి పంపే యంత్రమే సరైన మందు అన్నారు నిద్ర డాక్టరు. నాకు అదైనా పనిచేస్తుంది, పళ్ల తొడుగైనా పనిచేయొచ్చు అన్నారు. తొడుగే అన్నాను. మళ్లీ మార్కెట్ మెట్లు, మళ్లీ "ఆయియే ఆంటీజీ". ఈసారి ఆ పిలుపు నొప్పించలేదు.

నోట్లో ఒక చిన్న కెమెరా తిప్పి పళ్ల అచ్చు తీసుకుంది. రెండు వారాలకి వచ్చింది తొడుగు. పైపళ్లకి ఒకటి, కిందిపళ్లకి ఒకటి, గాజులా తెల్లగా ఉన్నాయి. పక్కల చిన్న మరలు. రెండూ కలిపి పెట్టుకుంటే కింది దవడ కాస్త ముందుకి వచ్చి అక్కడే ఆగుతుంది. దవడతోపాటు నాలుకా ముందుకి వస్తుంది, గాలికి దారి దొరుకుతుంది. ఇంతే విద్య. ఒక్కసారిగా ముందుకి లాగితే దవడ నొప్పి చేస్తుందని, కొన్ని రోజులకొకసారి మర కొంచెం కొంచెం తిప్పుకోమంది.

మొదటి వారం నరకం. దిండంతా చొంగ. పొద్దున్న లేస్తే పైపన్ను, కిందిపన్ను కలిసేవి కావు, ఒకరి పళ్లు ఇంకొకరి నోట్లో పెట్టినట్టు. టీ తాగి, డాక్టరమ్మ నేర్పిన దవడ కసరత్తు చేస్తే గానీ ఇడ్లీ కూడా నమలలేకపోయేదాన్ని. తొడుగు పెట్టుకుని "లైట్ ఆపండి" అంటే మా ఆయనకి ఏం వినిపించేదో, లేచి మంచినీళ్లు తెచ్చేవారు. విసుగొచ్చి రెండుసార్లు తీసి విసిరేశాను. రెండుసార్లూ ఆయనే వెతికి, కడిగి, డబ్బాలో పెట్టారు. "తాళం కావాలా, వద్దా?" అనేవారు, అంతే.

మూడో వారంలో ఒక పొద్దున్న లేచాను. తలనొప్పి లేదు. అంటే ఇన్నాళ్లూ ఉన్నది తలనొప్పి అని ఆ పొద్దున్నే తెలిసింది. కిటికీలోంచి పార్కులో లాఫింగ్ క్లబ్బు అంకుళ్ల నవ్వులు వినిపిస్తున్నాయి, మా ఆయన పక్కన ఒళ్లు తెలియకుండా పడుకుని ఉన్నారు. చిత్రంగా గురక ఆయనదే! నాకు మా అమ్మ జ్ఞాపకం వచ్చింది. ఇంత చిన్న వస్తువు. అరచేతిలో పట్టే వస్తువు. అమ్మకి ఇదే సరిపోయేదో, ఆ మాస్కు యంత్రమే కావాల్సి వచ్చేదో నాకు తెలియదు, ఎవరైనా ఒక్కసారి అడిగి, ఆవిడ ఒక్కసారి చెప్పి ఉంటే తెలిసేది. విడిదింట్లో అక్కచెల్లెళ్ల మధ్య చాప మీద కాళ్లు చాపుకుని ఒక్క రాత్రి పడుకునేది కదా అనిపించింది. ఆ ఒక్కటి తలుచుకుంటే మాత్రం ఇప్పటికీ నాకు దుఃఖం ఆగదు.

మూడో పరీక్ష తొడుగు పెట్టుకుని చేశారు. నిద్ర డాక్టరు రిపోర్టు చూసి తల ఊపారు, ఇక కారు నడపొచ్చన్నారు. తొడుగు మాత్రం రోజూ పెట్టుకోవాలి, పళ్ల డాక్టరుకి మధ్యమధ్య చూపించుకోవాలి అన్నారు. ఆ సాయంత్రం మా ఆయన తాళం తెచ్చి నా చేతిలో పెట్టారు. రెండున్నర నెలలు మెట్రోలో నిలబడి వెళ్లిన నాకు ఆ తాళం చూస్తే ప్రాణం లేచొచ్చింది.

సోమవారం పొద్దున్న కూతురూ నేనూ బయల్దేరాం. ముందు సీట్లోనే కూర్చుంది. చెవిలో ఇయర్‌ఫోన్లు పెట్టుకుంది, కళ్లు మూసుకుంది. సరే, మొదటి రోజు, పడుకుందిలే అనుకున్నాను. మంగళవారమూ అంతే. బుధవారమూ అంతే. గురువారమూ అంతే. రెండున్నర నెలలు స్కూలు బస్సులో వెళ్లేసరికి నా మీద బెంగ తీరిపోయిందేమో, దేనికైనా కోపం వచ్చిందేమో అని లోపల లోపల నలిగిపోయాను. శుక్రవారం ఇక ఆగలేక, "ఏమే, నాతో మాట్లాడవేం?" అన్నాను.

ఒక ఇయర్‌ఫోన్ తీసి, అర్థం కానట్టు చూసింది. "అబ్ జరూరత్ నహీ హై నా, మమ్మీ" అంది. ఇప్పుడు అవసరం లేదుగా అని.

"దేని అవసరం?"

"నువ్వు నిద్రపోకుండా" అంది తెలుగులోనే. ఫోన్ తీసి చూపించింది. నోట్స్‌లో పెద్ద లిస్టు. రోజూ సాయంత్రం కూర్చుని, మర్నాడు కారులో చెప్పడానికి రాసి పెట్టుకునేదట. స్కూల్లో ఏమీ జరగని రోజున కల్పించి రాసేదట. మేడమ్ విగ్గు అబద్ధమట. క్యాంటీన్ భయ్యాకి ఎప్పుడో పెళ్లయిపోయిందట. చెప్పినవాటికి ఎదురుగా టిక్కులు పెట్టుకుంది. అటూ ఇటూ చూసుకుంటూ, నా కనురెప్పలు చూసుకుంటూ, అన్నాళ్లూ ఆ పిల్ల నాకు కాపలా కాసింది. నేనేమో ఆఫీసులో కాఫీ తాగుతూ గొప్పలు చెప్పుకున్నాను.

కారు పక్కకి తీసి ఆపాను. ఆపేసరికి దాని మొహం పాలిపోయింది. "క్యా హువా? నీంద్ ఆ రహీ హై?" అంటూ గబుక్కున నిటారుగా కూర్చుంది.

"లేదే తల్లీ, నిద్ర రావట్లేదు. లిస్టులో ఇంకా మిగిలాయా?"

"గ్యారహ్."

"ఆ పదకొండూ చెప్పు. ఊరికే వినాలని ఉంది" అన్నాను.

నా కళ్లలోకి చాలాసేపు చూసింది. నమ్మకం కుదిరాక రెండో ఇయర్‌ఫోన్ కూడా తీసేసి, సీటుకి చేరబడి, మొదలుపెట్టింది.